సింకులో పోసిన మూడేళ్ల పులుపు

నవంబరు 2023, గురువారం. అల్ కుసైస్, దుబాయ్.

కాళ్లు లాగేస్తున్నాయి. అయినా ఇది రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

పొద్దున నేను పనిచేసే ఇంట్లో ఫ్రిజ్ శుభ్రం చేస్తుంటే సగం తాగి పెట్టిన సీసా కనిపించింది. మూత తీస్తే పుల్లటి వాసన ముక్కుకు కొట్టింది. పాడైపోయిందనుకుని సింకులో పోసేశాను. సాయంత్రం సార్ దాని కోసం ఫ్రిజ్ అంతా వెతికారు.

"అది బీరు సత్యవతీ! ద్రాక్షపళ్లు వేసి, చెక్క పీపాలో మూడేళ్లు ఉంచింది. దాని రుచే పులుపు. నన్నొక్క మాట అడగొచ్చుగా?" అన్నారు మేడం.

"పాడైపోయిందనుకున్నానండి. తప్పయిపోయిందండి."

సార్ గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. అదే భయంగా ఉంది. వచ్చే నెలే సార్ నా వీసా రెన్యువల్ చేయించాలి.

రాత్రి ఆ సీసా చెత్తలో వేయబోతూ, అడుగున మిగిలిన నాలుగు చుక్కలు నోట్లో పోసుకున్నాను. ఎన్నడూ మందు ముట్టనిదాన్ని. దవడలు జివ్వుమన్నాయి. ద్రాక్ష ఎక్కడో చివర్లో తగిలింది. ముందు తగిలింది మాత్రం మా అమ్మ తరవాణి కుండే. చద్దన్నంలోకి పోసుకునే ఆ పులిసిన గంజి ఒక్క చుక్క ఒలికినా అమ్మ ఊరుకునేది కాదు.

ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నేనూ ఓ గిన్నెలో తరవాణి పెట్టుకున్నాను. మూడో రోజు మేడం ముక్కు మూసుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఛీ, ఏంటీ కంపు? ఇంట్లో పులిసిన వాసన ఏది వచ్చినా నన్ను అడగక్కర్లేదు, పారబోసెయ్" అన్నారు.

ఇవాళ పొద్దున నేను చేసింది అదే.