రెండో పేజీ

ప్రియమైన అక్కా,

ఫోన్ చేస్తే మీ ఇంట్లో స్పీకర్ పెట్టి అందరూ వింటారు కాబట్టి, నువ్వు చెప్పినట్టే బడి అడ్రసుకి రాస్తున్నాను. మీ హెడ్మాస్టారు కవరు విప్పకుండా ఇస్తారని ఆశ.

నా రాత చూడు. గోధుమ కడుపులో పడితే పేగులు పాడయ్యే మనిషిని మా కంపెనీ ఏరికోరి దేశం కాని దేశంలో బిస్కెట్ ఫ్యాక్టరీకి పంపింది. ఆరు నెలలు. ప్యాకింగ్ మెషిన్లు బిగించాలి. ఇక్కడ గాలిలో కూడా పిండే. "నోరు మూసుకుని పని చేసుకోవే" అని అమ్మ ఇన్నేళ్ళు మొత్తుకుంది చూడు, ఇప్పుడు మాస్కు పెట్టుకుని అక్షరాలా అదే చేస్తున్నాను.

భాష రాదు కదా, అందుకని ఒక కార్డు రాయించుకుని ప్లాస్టిక్ అట్ట వేయించాను. "దయచేసి వినండి. నాకు గోధుమ, బార్లీ పడవు. ఇది వేషం కాదు, జబ్బు. రొట్టె కోసిన కత్తి, నూడుల్స్ ఉడికించిన నీళ్ళు కూడా నాకు చేటు." మొదటిరోజు క్యాంటీన్‌లో వంటావిడకి చూపించాను. తలుపంత మనిషి. రెండుసార్లు చదివింది. సోయా సాస్ సీసా తిప్పి వెనక అక్షరాలు చూసి, ఇందులోనూ గోధుమ ఉందని వేలితో చూపించి అవతల పెట్టేసింది. నా కళ్ళముందే బాణలి మళ్ళీ తోమింది.

ఒక పని చేసిపెట్టు. గెస్ట్‌హౌస్ గదిలో వండుకోవాలంటే డాక్టరు కాగితం కావాలంటున్నారు. అమ్మ బీరువా అడుగు అరలో నీలం ఫైలు ఉంటుంది. రెండేళ్ళ కిందటి రిపోర్టు. కాపీ తీసి పంపు. మొదటి పేజీ చాలు.

ఆకలితో,
నీ పిచ్చుక

*

పిచ్చుకా,

కవరు విప్పకుండానే ఇచ్చారు. స్టాంపు మాత్రం కత్తిరించి తీసుకున్నారు, మనవరాలికట.

నీ కార్డు సంగతి చదివి నవ్వాను. తర్వాత కాస్త ఒళ్ళు మండింది. ముక్కూ మొహం తెలియని ఆవిడ నీకోసం బాణలి తోముతోందా? ఇక్కడ నాకు నోటిపూత వచ్చి నెలైంది. "వదినకి పని ఉన్న రోజే పూస్తుంది" అంది మా ఆడపడుచు. అత్తయ్య అయితే నా పేరే మార్చేశారు. "ఏమ్మా నీరసం, లేచావా?" అని పిలుస్తారు. పొద్దున్నే పెద్ద గ్లాసుడు గోధుమ జావ ఇచ్చి, ఖాళీ అయ్యేదాకా ఎదురుగా నిలబడతారు. బలమట. పోయినేడు రెండోసారి కడుపు పోయినప్పటినుంచి రెండు గ్లాసులు. తాగిన గంటకి నేను బడి బాత్రూంలో ఉంటాను. మీ బావకి చెబితే, "అమ్మ ప్రేమగా ఇస్తోంది కదా, తాగెయ్" అంటారు. ప్రేమే, కాదనను.

ఆదివారం అమ్మ దగ్గరికి వెళ్తాను. మొదటి పేజీ ఒక్కటే దేనికి, మొత్తం పంపుతాలే.

ఇట్లు,
నీరసం

*

ప్రియమైన అక్కా,

కవరు అందింది. లోపల మొదటి పేజీ ఒక్కటే ఉంది. నువ్వు రాసిన ముక్క ఒక్కటీ లేదు. మొత్తం పంపుతానన్నావు? బడిలో పరీక్షల హడావిడేమో.

గదిలో వంటకి ఒప్పుకున్నారు. అయినా పోయిన వారం దెబ్బతిన్నాను. మేనేజరు విందు ఇచ్చాడు. పదిమందిలో కార్డు తీయడానికి మొహమాటపడి, సూప్ తాగేశాను. దాని చిక్కదనం పిండి చిక్కదనమే. రెండు రోజులు మంచం దిగలేదు. వంటావిడ గదికే బియ్యం గంజి తెచ్చింది. కార్డు నా బ్యాగులోంచి తీసి, మెడలో వేసుకునే ఐడీ తాడుకి తగిలించింది. ఒక్క మాట లేదు, కానీ బాగా తిట్టింది.

అక్కా, ఆ జావ మానెయ్యి. ఎందుకని అడక్కు. ఏదో వంక చెప్పి మానెయ్యి.

నీ జవాబుకి ఎదురుచూస్తూ,
పిచ్చుక

*

అక్కా,

నెలన్నరైంది. రెండో పేజీ నీ దగ్గరే ఉంది కదూ.

అందులో చివరి వాక్యం నాకు కంఠతా వచ్చు. "తోబుట్టువులకు కూడా ఈ పరీక్ష తప్పక చేయించవలెను." ఆసుపత్రి మెట్లు దిగుతూనే అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అక్కకి చెప్పకే. వాళ్ళింట్లో తెలిస్తే రోగిష్టి పిల్లని అంటగట్టారంటారు. అసలే పిల్లల్లేరని మాటలు." సరేనన్నాను. అమ్మ చెప్పిందని కాదు. ఉద్యోగం కొత్త, పథ్యం కొత్త, ఆ గొడవలో తల దూర్చే ఓపిక లేక. ఆ తర్వాత మీ ఇంటికి ఎన్నిసార్లు వచ్చానో. నీ పక్కనే కూర్చుని, నీ కంచంలో రొట్టెలు చూస్తూ, నా అన్నం నేను తిన్నాను.

తిట్టు. తిట్టయినా రాయి.

నీ చెల్లెలు

*

పిచ్చుకా,

తిట్టడానికే కూర్చున్నాను. రెండు కాగితాలు నింపి చింపేశాను.

ఆ ఆదివారం బీరువా ముందు నిలబడే చదివాను. వెనకనుంచి అమ్మ "దొరికిందా?" అంది. "దొరికిందమ్మా" అన్నాను. అంతే మాట్లాడుకున్నాం.

బడికి సెలవు పెట్టి ఒక్కదాన్నే ఆసుపత్రికి వెళ్ళాను. రక్తం తీశారు, ఇంకోరోజు రమ్మని గొట్టం వేసి చూశారు. నీదే నాకూ. నాది ముదిరింది. ఆ కడుపులు దీనివల్లే పోయాయా అని అడిగాను. డాక్టరమ్మ పెన్నుకి మూత పెట్టింది, మళ్ళీ తీసింది. "అయ్యుండొచ్చు. కచ్చితంగా చెప్పలేం" అంది. రెండోది పోయింది పోయినేడు. నీ ఫైలుకి రెండేళ్ళు. ఆ లెక్క నువ్వూ వేసే ఉంటావు.

ఇంట్లో రిపోర్టు చూపించాను. మీ బావ తిరగేసి, తర్వాత చూద్దామని టీవీ మీద పెట్టారు. అత్తయ్య "మీ చెల్లెలు నేర్పిన ఫ్యాషనా ఇది?" అంటూ గ్లాసు చేతికిచ్చారు. ఆవిడ చూస్తుండగానే సింకులో పోశాను. ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది, ఏదో పగిలినట్టు. మర్నాడు మళ్ళీ గ్లాసు. మళ్ళీ పోశాను. ఇప్పటికి పదకొండు రోజులు.

నిన్ను క్షమించానో లేదో నాకే తెలియదు. నువ్వు వచ్చాక ఎదురుగా కూర్చుని చూద్దాం. ముందు నాకూ ఒక కార్డు రాసి పంపు. ప్లాస్టిక్ అట్ట వేయించు, పొయ్యి పక్కన గోడకి అంటిస్తాను. మన భాషలోనే రాయి. నీకు అక్కడ మాటలు రాక కార్డు కావలసి వచ్చింది. నేను వీళ్ళ భాషలోనే మాట్లాడుతున్నాను, అయినా కావలసి వచ్చింది.

నీ కార్డు "దయచేసి" అని మొదలవుతుందన్నావు. నా దాంట్లో ఆ మాట వద్దు. ఈ ఇంట్లో పన్నెండేళ్ళు అదే అన్నాను.

అక్క