నాలుగు వేళ్ల మట్టి

జులై 3

ప్రియమైన తమ్ముడికి,

నీ కొత్త ఇంటి తోట ప్లాను చేరింది. ఫోన్ చేద్దామనుకున్నాను. ఫోన్లో నువ్వు సరేనంటావు, వారం పోయాక అనలేదంటావు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. దాచుకో.

ప్లానును నర్సరీ బల్ల మీద పరిచి, అంచులు లేవకుండా నాలుగు కుండీలు పెట్టి చూశాను. ముందు వైపు గులకరాళ్లు. పక్కన గులకరాళ్లు. వెనక పెరడంతా లాను. లాను మధ్యలో సిమెంటు కొంగ. కొంగ ఎందుకురా? పెరట్లో చెరువు లేదు, చేప లేదు. నువ్వు తప్ప దానికి తోడెవరూ లేరు. బొమ్మలకు చోటుంది, దీపాలకు చోటుంది, మీ ఆఫీసువాళ్లు కూర్చునే కుర్చీలకు చోటుంది. చెట్టుకు లేదు. నువ్వు వేస్తున్నది తోటా, షామియానానా?

ఈ బొమ్మ గీసిన రంగు పెన్సిళ్ల పెద్దమనిషి జన్మలో ఒక్క మొక్కయినా నాటాడా? పొరపాటు అతనిదే అనుకుంటున్నాను. వెనక పెరడు నాదని అతనికి నువ్వు చెప్పి ఉండవు.

మిగతా సంగతులు మరోసారి రాస్తాను. ఈ నర్సరీ స్థలం లీజు ఆగస్టు ముప్పై ఒకటితో ముగుస్తుంది. యజమాని ఇక్కడ గోడౌను కడుతున్నాడు, ఒక్క రోజు కూడా ఎక్కువ ఇవ్వడు. అమ్మకానికి ఉన్న మొక్కలు అమ్ముడుపోతాయి, వాటి బెంగ లేదు. తల్లి మొక్కలు ముప్పై ఒకటి ఉన్నాయి. జామ తొమ్మిది, నిమ్మ ఎనిమిది, దానిమ్మ ఆరు, మందార ఎనిమిది. ఇరవై ఎనిమిదేళ్లుగా నేను కట్టిన ప్రతి అంటుకూ కొమ్మ వీటి నుంచే తీశాను. ఇవి ఉంటే ఏ నేల మీదైనా మళ్లీ మొదలుపెడతాను. లేకపోతే ఎవరో పెంచిన మొక్కలు తెచ్చి అమ్ముకునే మారు బేరగత్తెను.

స్థలం కొన్న రోజున నువ్వే అన్నావు, "పెరడంతా నీదే అక్కా, తెచ్చి పెట్టుకో" అని. ఆ మాట మీదే పోయిన వారం ముప్పై ఒక్కింటికీ ఒక పక్క వేళ్లు కోశాను. ఇంత పెద్ద మొక్కను ఒక్కసారిగా పెకలిస్తే బతకదు. ఒక పక్క కోసి, ఆరేడు వారాలు ఆగి, కొత్త వేళ్లు పట్టాక రెండో పక్క కొయ్యాలి. ఆ తరువాత పదిహేను రోజుల్లో కొత్త గుంతలో పడాలి.

లాను చెరిపేసి ప్లాను మళ్లీ గీయించు. మరదలిని అడిగానని చెప్పు.

మీ అక్క

జులై 11

అక్కకు,

ఉత్తరం చదివాను. ఎగతాళి నీకు కొత్త కాదు, నాకూ కొత్త కాదు. చిన్నప్పుడు నా లెక్కల పుస్తకం పక్కింటివాళ్లకు చదివి వినిపించినదానివి.

ప్లానులో పొరపాటేమీ లేదు. పెరడు లానే. ఏడాది కిందట అన్న మాట వేరు, ఇల్లు లేచాక చూసింది వేరు. నీకు ఇల్లంటే నర్సరీలాగే ఉండాలి. బురద, చిరిగిన ప్లాస్టిక్ సంచులు, గొట్టం కారుతూ మూల మూలకూ దోమలు. నేను ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల ఇళ్ల ప్లాన్లు తనిఖీ చేస్తున్నాను. నా ఇల్లు చూడటానికి పది మంది వస్తారు. వాళ్లకు పెరట్లో పేడ కుప్ప చూపించలేను. రాలిన జామకాయలు తొక్కుకుంటూ తిరగమనలేను.

డిజైనర్ సంగతి నీకు తెలియదు. చదువుకున్నవాడు. నీలా గోళ్లలో మట్టి కనబడకపోతే పనిమంతుడు కాదనుకుంటే ఎలా?

కావాలంటే అయిదారు మొక్కలు తొట్లలో పెట్టి గోడ వారగా ఉంచుకో. తొట్లు నేనే తెప్పిస్తాను. పెరట్లో గుంతలు తవ్వడానికి మాత్రం వీల్లేదు. ఒక్కటి కూడా.

వేళ్లు కోసే ముందు ఒక్క మాట అడగవలసింది.

ఇట్లు,
తమ్ముడు

ఆగస్టు 16

తమ్ముడికి,

ప్రియమైన అని రాసి కొట్టేశాను. నీ ఉత్తరానికి జవాబు రాయడానికి నెల పైన పట్టింది. తొట్ల దగ్గర ఆగిపోయాను. ఛాతీ ఎత్తు జామను తొట్లో పెట్టమంటాడు, వీడు ఊళ్లోవాళ్ల ప్లాన్లు తనిఖీ చేస్తాడు.

మొన్న రెండో పక్క కూడా కోశాను. ఎందుకు కోశావని అడుగుతావు. స్థలం అప్పగించే తేదీ మారదు కాబట్టి. ఇంకెవరినీ అడగలేదు కూడా. తమ్ముడికి పెరడు ఉండగా పరాయివాళ్ల గుమ్మాలెక్కే అలవాటు నాకు లేదు. చివరికి నువ్వు సరే అంటావు. చిన్నప్పటి నుంచీ అంతే. ముందు మొహం మాడ్చుకుంటావు, తరువాత వస్తావు. ఈసారి రావడానికి నీకు పదిహేను రోజులున్నాయి.

నిన్న నీ రంగు పెన్సిళ్లాయన ఇక్కడికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, తెల్ల బూట్లు. బురదలో ఆ బూట్లతోనే దిగాడు. గంట సేపు తల్లి మొక్కల మధ్య తిరిగాడు. వంగి, నేను వేళ్లు కోసిన చోట మట్టి తీసి చూశాడు.

"ఏం కావాలి బాబూ? కొంగకు జోడీయా?" అన్నాను.

నవ్వలేదు. "వీటిని ఎక్కడికి తీసుకెళ్తున్నారమ్మా?" అన్నాడు.

"మా తమ్ముడి పెరట్లోకి. మీ లాను మీదికి."

"అక్కడికి వద్దమ్మా."

"ఏం, మీ గీతలు చెరిగిపోతాయా?"

ఏదో చెప్పబోయి ఊరుకున్నాడు. "వేరే నేల చూసుకోండి" అని మాత్రం అన్నాడు.

"నేల చూడటం మీరు నేర్పాలా నాకు? మీరు నాటినవి ఎన్ని, బతికినవి ఎన్ని?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి మరదలు చదివే ఉత్తరంలో రాయను. ఒక్క మొక్క కొనకుండా, ఒక్క మాట తిరిగి అనకుండా వెళ్లిపోయాడు. బొమ్మలు గీసేవాడికి అంతకన్నా ఏముంటుంది?

అతన్ని పంపింది నువ్వేనా? నాకు వద్దని చెప్పడానికి నీకు ముఖం చెల్లక కూలికి మనిషిని పెట్టావా?

అక్క

ఆగస్టు 21

అక్కకు,

అతన్ని నేను పంపలేదు. వచ్చాడని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. ఇక ముందు అతనితో మాట్లాడకు. అతను ఏదైనా చెప్పబోయినా వినకు.

లాను పరవడం అయిపోయింది. పచ్చగా, ఒక్క గడ్డిపోచ ఎక్కువ తక్కువ లేకుండా ఉంది. మా పై అధికారి చూసి, ఇంత నీటుగా ఎవరి పెరడూ చూడలేదన్నాడు. నువ్వు ఎలాగూ మెచ్చుకోవు. మెచ్చుకోవాలని కూడా లేదు.

నీ మొక్కలకు మా ఆఫీసులో ఒకరిద్దరిని అడిగాను. అంత పెద్దవి ఎవరికీ వద్దట. పార్కువాళ్లకు అప్పగించరాదూ? పేరు బోర్డు పెడతారేమో. ఇరవై ఎనిమిదేళ్లు మట్టి పిసికావు, ఇక చాలదా? ఈ వయసులో మళ్లీ అంట్లు కట్టి ఎవరిని ఉద్ధరించాలి?

ఈ నెలాఖరుకు ఇటు రావద్దు. కిటికీలకు రంగులు వేయిస్తున్నాం, ఇల్లంతా వాసన. లారీ ఎక్కించుకుని గుమ్మం ముందుకు వస్తే గేటు తియ్యను. ముందే చెబుతున్నాను. నా స్థలం, నా ఇష్టం.

తమ్ముడు

సెప్టెంబరు 27

ప్రియమైన తమ్ముడికి,

ఈసారి కొట్టెయ్యలేదు.

మొన్న గురువారం నువ్వు ఆఫీసులో ఉండగా మీ ఇంటికి వచ్చాను. మరదలు నీకు చెప్పి ఉండదు. చెప్పవద్దని నేనే అన్నాను. ఎలాగూ దాచడం మీ ఇంట్లో అందరికీ బాగా అలవాటైంది.

లాను బాగుంది. మీ అధికారి అన్నది నిజమే. గోడ వారగా ఒక మూల మాత్రం పసుపు తిరిగింది. దాని ముందు నిలబడి, "మీ ఆయన దీనికి నీళ్లు పొయ్యడా?" అన్నాను. మరదలు నా వైపు చూసింది. వెళ్లి గడ్డపార తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఎత్తి చూడండి వదినా. నేను చెప్పలేదు. మీరే చూశారు" అంది.

ఎత్తాను. చాపలా లేచింది. కింద నాలుగు వేళ్ల మట్టి, కొని తెచ్చి పోసింది. దాని కింద ఇటుక ముక్కలు, పెంకులు, గడ్డకట్టిన సిమెంటు బస్తా. గడ్డపార వేసిన చోటల్లా ఖంగుమంది. మోచేతి లోతు పోయినా మట్టి తగల్లేదు. సగం విరిగిన వాష్‌బేసిన్ ఒకటి తగిలింది.

అప్పుడు మరదలు కూర్చుని అంతా చెప్పింది. ఆ స్థలం పాత గుంత అని, కూల్చిన ఇళ్ల చెత్తంతా తెచ్చి పూడ్చి, పైన ఎర్రమట్టి చల్లి నీకు అంటగట్టారని. పునాది తీసిన రోజే నువ్వు చూశావని.

"ఆ రోజు ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోలేదు వదినా. బూట్లతోనే కూర్చున్నారు. 'అక్కకు చెప్పకు' అన్నారు. అదొక్కటే అన్నారు."

ఊళ్లో ఎవడు ఏ స్థలం కొన్నా తప్పు పట్టేవాడివి. పూడ్చిన నేల కొన్నవాళ్లను భోజనాల దగ్గర ఎన్నిసార్లు వెక్కిరించావో నేను విన్నాను. అలాంటివాడివి ఒక్క గడ్డపార పోటు వెయ్యకుండా కొన్నావు. నేనూ తక్కువ తినలేదు. నా దగ్గర మొక్క కొన్న ప్రతివాళ్లకూ, ముందు గుంత తీసి నీళ్లు పోసి చూడండి, ఇంకితేనే నాటండి అని చెప్పి పంపినదాన్ని. నీ పెరట్లో మాత్రం గుంత తియ్యకుండానే ముప్పై ఒక్క మొక్కల వేళ్లు తెంపాను.

నీ డిజైనర్ మొదటి రోజే చెప్పాడట, ఇక్కడ గడ్డి తప్ప ఇంకేదీ వేరు పట్టదు, మీ అక్కగారికి ఇప్పుడే చెప్పండి అని. నువ్వు అతని చేత ఒట్టు వేయించుకున్నావు. అయినా మనసొప్పక నా దగ్గరికి వచ్చి, ఒట్టు తప్పకుండా చెప్పగలిగినంత చెప్పాడు. నేను విన్నానా?

ఇక మొక్కల సంగతి. ఆగస్టు ముప్పైన లారీ మాట్లాడుకున్నాను. నీ గేటు ముందు నిలబెట్టి నలుగురిలో నీ పరువు తియ్యాలనే అనుకున్నాను. పొద్దున్నే లారీ కంటే ముందు ట్రాక్టరొకటి వచ్చింది. దాని మీద అతనే. ఆ తెల్ల బూట్లు లేవు, ఉత్త కాళ్లు.

"మీ తమ్ముడుగారి నేల సంగతి అడక్కండి, మాటిచ్చాను. నాకు ఊరి బయట ఎకరం ఉంది. వచ్చి చూడండి. నచ్చితేనే ఎక్కిద్దాం" అన్నాడు.

"నా చేత అన్ని తిట్లు తిని ఇప్పుడు జాలిపడుతున్నారా?" అన్నాను.

"జాలి కాదమ్మా. నాకు గీయడం వచ్చు, అంటు కట్టడం రాదు."

వెళ్లి చూశాను. గుంత తీయించి నీళ్లు పోయించాను. నేను టీ తాగేలోపు ఇంకిపోయింది. అయినా నాటడానికి ఆరు రోజులు పట్టింది, గుంతలు సిద్ధంగా లేవు మరి. సిద్ధంగా ఎందుకుంటాయి? ఆ లోపు జామలు నాలుగు, దానిమ్మలు మూడు ఎండిపోయాయి. మిగతా ఇరవై నాలుగు చిగురు వేశాయి. పోయినవాటిలో రెండు జామల నుంచి ఇంకా అంటు కట్టలేదు, ఆ రకానికి మరో మొక్క నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. ఆ రకం అంతటితో సరి.

ఆ ఏడు మొక్కలూ పోయింది కొంత నీ బింకానికి, కొంత నా నోటికి. ఎవరి వాటా ఎంతో నువ్వే తేల్చుకో, తనిఖీ నీ ఉద్యోగమే కదా. నా వాటా నాకు తెలుసు. వెళ్లి అతని ముందు ఒప్పుకున్నాను కూడా. అతను పెద్దగా పట్టించుకోలేదు. అంటుకు ఏ కొమ్మ మీద కత్తి పెట్టాలో చూపించమన్నాడు. సోమవారం నుంచి అక్కడే పని. షెడ్డులో ఒక గది సర్దుకున్నాను.

లానును మళ్లీ పరిచి, కాలితో తొక్కి వచ్చాను. గీత కూడా కనబడదు. వచ్చేవాళ్లకు చూపించుకో. పసుపు తిరిగిన మూలకు మాత్రం నీళ్లు ఆపు, కింద నీళ్లు నిలిచి గడ్డి కుళ్లుతోంది.

ఒక్క సంగతి మాత్రం నాకు అర్థం కావడం లేదు. నిన్ను డాబు మనిషి అనుకున్నా, మాట తప్పినవాడు అనుకున్నా, అక్క మొక్కల్ని వీధిన పడేసినవాడు అనుకున్నా నీకు ఫరవాలేకపోయింది. మోసపోయావని నాకు తెలియడమే పనికి రాలేదు. నేను నవ్వుతాననేగా దాచావు. నవ్వేదాన్నే. ఒక పూటంతా, పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. రెండో పూటకు పార పట్టుకుని వచ్చేదాన్ని.

మీ అక్క