అత్తగారికి గాల్లోంచి టీవీ

జూన్ 3, మంగళవారం
మా అత్తగారు వీరాయమ్మ గారు మెట్టు జారి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆరు వారాలు కాలు కింద పెట్టకూడదట. పి.గన్నవరం నుంచి కొత్తపేటలో మా ఇంటికి తీసుకొచ్చి వెనక గదిలో పడుకోబెట్టాం. ఆ గదికి కేబుల్ లేదు. సాయంత్రం ఏడింటికి సీరియల్ చూడందే ఆవిడకి మాత్ర గొంతు దిగదు.

కేబుల్ కిషోర్ వచ్చి చూశాడు.
"హాల్లోంచి చిన్న చిల్లెట్టి వైరు లాగేద్దామండీ. పది నిమిషాల పనండీ."
గోడలకి రంగు వేయించి నెల కాలేదు. "ఈ రోజుల్లో ఇంకా వైరేంటయ్యా? అన్నీ గాల్లోంచే వస్తుంటే" అన్నాను.
"ఆయ్. మీ ఇష్టమండీ."
నిర్ణయం: చిల్లు లేదు. వైరు లేదు.

జూన్ 4
అమలాపురం వెళ్ళి కొత్త టీవీ తెచ్చాను. నా ఫోన్‌లో ఏది కనిపిస్తే టీవీలోనూ అదే. రాత్రి 7.00కి సీరియల్ మొదలు. ఒక్క వైరు లేదు!
"అల్లుడు గారు ఇంజినీరు కావాల్సినోరమ్మా" అన్నారు అత్తగారు. నాది ఎరువుల కొట్టు. మా ఆవిడ మమత టీవీ బిల్లు చూస్తోంది.

జూన్ 6
7.10. బొమ్మ ఆగిపోయింది. సీరియల్లో కోడలు విషం కలిపిన పాలగ్లాసు నోటిదాకా ఎత్తింది. ఇరవై నిమిషాలు అలాగే ఉంది.
"తాగిందా లేదా బాబూ?"
వైఫై డబ్బా హాల్లో ఉంది. మధ్యలో రెండు గోడలు, మూరెడు మందం. తప్పు టీవీది కాదు, ఇల్లు కట్టించిన మా తాతగారిది. డబ్బాని వంటింటి కిటికీలోకి మార్చాను.

జూన్ 9
బొమ్మ బాగుంది. కానీ ఏడింటికల్లా కొట్టు వదిలి, ఫోన్‌తో సహా నేను ఇంట్లో ఉండాలి. నాట్ల కాలం. రైతుల ఫోన్లు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతి ఫోనూ టీవీలో కనిపిస్తోంది.
"ఈ సత్యదుర్గారావు గారెవరు బాబూ? మూడుసార్లు వచ్చేరు. కథలో మాత్రం కలవట్లేదు."

జూన్ 10
7.20. మస్కట్‌లో ఉన్న మా తమ్ముడు వెంకటకృష్ణ దగ్గర్నుంచి మెసేజ్. టీవీ తెర మీద, బెత్తెడు అక్షరాలతో: "మీ అత్తగారు ఇంకా కదల్లేదా అన్నయ్యా? నీ బాధ వింటే జాలేస్తోంది."

గదిలో ముగ్గురం చదివాం.
"అక్షరాలు మటుకు స్పష్టంగా ఉన్నాయి బాబూ" అన్నారు అత్తగారు. తర్వాత కూతురితో, "ఆటో పిలువమ్మా, మా ఊరెళ్ళిపోతాను" అన్నారు.
మమత నా వైపు తిరిగింది. "ఏం రాసేరండీ మీ తమ్ముడికి?"
విసుగులో రాశాను. విసుగు టీవీ మీద. రాసింది మాత్రం ఆవిడ పేరు.
ఎలాగో ఆటో ఆపాం. అన్నం ఎవరూ సరిగ్గా తినలేదు.

జూన్ 11
పొద్దున్నే అత్తగారి మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. "తప్పు నాదేనండీ" అన్నాను. ఆవిడ గోడ వైపే చూస్తున్నారు.
కిషోర్‌ని పిలిచాను. తొమ్మిది నిమిషాల్లో పని ముగించాడు. కొత్త రంగు మీద ఎర్రటి ఇటుక పొడి. ఆ పొడి కూడా తనే ఊడ్చి వెళ్ళాడు. అదే బాధగా ఉంది.
సీరియల్ సగంలో అత్తగారు నోరు విప్పారు. "ఆరు వారాలూ ఉంటాను బాబూ. మీ తమ్ముడికి అలాగే రాయండి."
ఆవిడ చూస్తుండగానే రాశాను.

జూన్ 13
అత్తగారికి గాలి తగలాలని డాక్టరు గారు చెప్పారు. సాయంత్రాలు కుర్చీతో సహా మోసుకెళ్ళి వీధి అరుగు మీద కూర్చోబెట్టాలి. అరుగు మీద కేబుల్ లేదు.

నిర్ణయం: చిల్లు లేదు. వైరు లేదు. ఈసారి మమత ఫోన్‌తో.
మమత ఫోన్ ఇవ్వనంది. ఎందుకని అడిగాను.
"మా చెల్లికి రాసినవి ఉన్నాయండీ అందులో."