ఆ పిల్లకు చెప్పిన మాట

జూన్ 2006, శనివారం రాత్రి

గనిలోకి దిగేటప్పుడు ఫోన్ ఆపి లాకర్‌లో పెట్టాలి కదా అని పోయిన నెల నేనే, ఎవరైనా చేస్తే వాళ్ల మాట రికార్డయ్యేలా వాయిస్ మెయిల్ పెట్టించుకున్నాను. నా గొప్ప తగలెయ్య! ఇవాళ డ్యూటీ దిగి ఫోన్ ఆన్ చేస్తే సందేశం ఉందని చూపింది. ఏదో కంపెనీ ప్రకటన అనుకుని వదిలేశాను.

ఇందాక తల్లాడ నుంచి చెల్లె ఫోన్ చేసింది.

"ఏందన్నా, గిట్ల చేసినవ్? అయ్య పొద్దుగాల మీ కొత్తగూడెం బస్టాండుకొచ్చి సాయంత్రం దాక నీకోసమే కూసున్నడు. కాయిన్ బాక్స్ నుంచి చేస్తే నీ ఫోన్ల ఎవరో పిల్ల మాట్లాడిందట. ఆమెకు అంతా చెప్పిండట."

నా పెళ్లినాడు మాట మానేసిన అయ్య, మూడేళ్లకు తనంతట తానే వచ్చాడు.

ఫోన్ పెట్టేసి సందేశం విన్నాను. ఆ రికార్డు గొంతు మాట్లాడుతుండగానే, రికార్డింగ్ మొదలయ్యే బీప్ మోగకముందే, అంతా చెప్పేసినట్టున్నాడు. నాకు దక్కింది చివరి ముక్కే: "మరువకు బిడ్డా, జర వానికి జల్దీ చెప్పు."

నాతో ఏనాడూ అంత మెత్తగా మాట్లాడలేదు.

అది మనిషి కాదని చెబుదామని మళ్లీ చేసి, అయ్యకు ఫోనివ్వమన్నాను. చెల్లె లోపలికి పోయి వచ్చింది.

"రాడట అన్నా. ఏమన్నుంటే ఆ పిల్లకే చెప్పుకొమ్మన్నడు."