సముద్రం అడుగున ఆలుగడ్డలు

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. సాయంత్రం అబ్బాసియాలో, ఈ అరబ్బు దేశానికి పనికొచ్చి నువ్వూ కాకా కలిసి ఉన్న గదికి వెళ్లి, సముద్రగర్భాన్ని పరిశోధించే ఓడలో నాకు చోటు దొరికిందని కాకకు చెప్పాను. ఆయన సరేనంటేనే అమ్మ పంపుతుంది.

ఫోన్‌లో ఫోటో చూపించాను. వెలుగు చేరని లోతులో మెత్తని బురద, దాని మీద నిద్రపోతున్నట్టు నల్లని మాంగనీసు ముద్దలు.

"ఆలుగడ్డలేరనీకి ఓడెందుకు బిడ్డా? కింద బకాలా దుకాణంల దొరుకుతయి గదా." కాక నవ్వాడు.

అవి ఏ సొరచేప పన్ను చుట్టూనో పొరలు పొరలుగా పేరుకుంటాయనీ, గోరంత పెరగడానికే లక్షల ఏళ్లు పడుతుందనీ చెప్పాను. కాక నవ్వు ఆపి, ఫోటోను వేళ్లతో పెద్దది చేసి చూశాడు.

"గింత నిమ్మళంగనా" అన్నాడు. తర్వాత అమ్మకు ఫోన్ చేశాడు.

"వదినా, పిల్లను పోనియ్యి. అన్నుంటే ఆపుతుండెనా?"

 ఓడ మీద చలిగా ఉంటుందని, బాపూ, నీ స్వెటర్ వేసుకుని పొమ్మంది అమ్మ.