మన రేకులకు తెల్లరంగు

ఏవండీ,

మీరు వడదెబ్బతో పోయి ఈరోజుకు ఏడాది. రాజమండ్రిలో ఎండలు అలాగే ఉన్నాయి. ఇళ్లలోకి వేడి దిగకుండా మున్సిపాలిటీ వాళ్లు మన వీధిలో రేకుల కప్పులన్నిటికీ తెల్లరంగు వేస్తున్నారు. అత్తయ్యగారు మాత్రం ఒప్పుకోలేదు.

"నా కొడుకు మీద కప్పిన తెల్లగుడ్డ చాలమ్మా. ఇంటి మీద కూడా కప్పొద్దు," అన్నారు. నేను బలవంతపెట్టలేదు.

మన పాప మధ్యాహ్నాలు పక్కింట్లో పడుకోవడం మొదలుపెట్టింది. వాళ్ల రేకులకు అప్పటికే రంగు వేశారు. మొన్న దాన్ని పిలుచుకురావడానికి వెళ్లిన అత్తయ్యగారు ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్లి చూస్తే, పాప పక్కనే కొంగు పరుచుకుని నిద్రపోతున్నారు. మీరు పోయాక ఆవిడ పగలు కునుకు తీయడం అదే మొదలు. లేచి, కాసేపు పైకప్పు వంకే చూశారు.

"మనకీ వేయించేయమ్మా," అన్నారు.

నిన్న వేశారు. ఈ మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి నేనూ చాప మీద వాలాను. ఎదురింటి తెల్లరేకుల వెలుగు కిటికీలోంచి వెన్నెలలా లోపలికి పడుతోంది. ఇల్లు పడవలా మెల్లగా ఊగుతున్నట్టుంది. సగం నిద్రలో, మీరు ఆటో ఆపి భోజనానికి లోపలికి వచ్చినట్టు అనిపించింది. కళ్లు తెరవకుండానే పక్కకు జరిగి మీకు చోటిచ్చాను.