లెక్క చెప్పని నాయనకు

జూజువాడి, హోసూరు
ఆదివారం

నాయనకూ అమ్మకూ కాళ్లకు మొక్కి మీ చిన్నది మునిలక్ష్మి రాస్తున్నది. నేను బాగున్నాను. మీరంతా ఎలా ఉన్నారు? అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నల్లచెవుల గొర్రె ఈనిందా? పిల్ల ఏ రంగుదో ఎవరూ చెప్పలేదు.

అక్కా, ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపిస్తావని తెలుసు. మధ్యలో నీ సొంత మాటలు కలపకు. నాయన ఇంకా మందతో కావేరిపట్టణం మామిడితోటల్లోనే ఉంటే, మన ఊరు కుందారపల్లికి తిరిగి వచ్చేదాకా చూడొద్దు. అక్కడికే పోయి చదువు. ఇది ఆగే సంగతి కాదు.

ముందు ఇక్కడి కబుర్లు చెబుతాను. ప్రభుత్వం ఇచ్చే శిక్షణ అంటే అంతా పేరుకే ఉంటుందని ఊళ్లో అన్నారు కదా, అదేం లేదు. చెప్పినవన్నీ ఇస్తున్నారు. ఫీజు లేదు, హాస్టలు ఉచితం, మూడు పూటలా తిండి, రెండు జతల యూనిఫాం, ముందువైపు ఇనుము పెట్టిన బూట్లు. ఆ బూట్లతో మొదటి వారమంతా ఎవరి కాళ్లో అరువు తెచ్చుకున్నట్టు నడిచాను. ఇప్పుడు అలవాటైంది. లేతు మిషను మీద ఇనుపకడ్డీ బిగించి చెక్కుతుంటే పొట్టు చుట్టలు చుట్టుకుని రాలుతుంది. చూస్తే నువ్వు గొర్రెబొచ్చు కత్తిరించేదే గుర్తొస్తుంది నాయనా. చెయ్యి వణక్కుండా పట్టుకోవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. సారు కూడా ఆ మాటే అన్నాడు.

నా గురించి దిగులు పడొద్దు. నిజంగానే బాగున్నాను. చలి మాత్రం మన ఊరికంటే ఎక్కువ, పొద్దున్నే వాన తుంపర పడుతుంది. రోజూ అన్నం, సాంబారు. కడుపు నిండుతుంది కానీ తిన్నట్టు ఉండదు. సంగటి ముద్ద, అమ్మ నూరే ఊరుబిండి తలుచుకుంటేనే నోరూరుతుంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఊరుబిండి పంపండి. దుప్పటి ఉంది, పంపక్కర్లేదు. బాగున్నాను.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. మొన్న టీ తాగడానికి బయటికి వస్తే చెక్‌పోస్టు దగ్గర గొర్రెల లారీ ఆగి ఉంది. బెంగళూరు పోతున్నట్టుంది. ఆ వాసన తగలగానే నా కాళ్లు అటే పోయాయి. నువ్వు మందను పిలిచేటట్టు నాలుకతో చప్పుడు చేసి పిలిచాను. రెండు మూడు తలలు లేచి నా వైపు చూశాయి. మనవి కావని తెలుసు. అయినా లారీ కదిలిపోయాక టీ తాగబుద్ధి కాలేదు. వాసన లేని బట్టలు కట్టుకుని, ఎవరూ అరవని గదిలో పడుకోవడం ఇంత కష్టమని అనుకోలేదు నాయనా.

ఇక అసలు విషయం. ఈ శిక్షణకు డబ్బిచ్చే ప్రభుత్వం వాళ్లు ప్రతి ఇంటికీ ఫోను చేస్తారు. పిల్ల నిజంగా నేర్చుకుంటోందా, ఉత్తి పేరే రాశారా అని కనుక్కోవడానికి. పోయిన వారం నీకు వచ్చింది అదే. నువ్వేం చెప్పావో హాస్టలు చూసుకునే సరోజమ్మ నన్ను పిలిచి అడిగేదాకా నాకు తెలియదు. "కూతురా? యాడుందో ఏమోప్పా. ఆ మొద్దు ఏం నేర్చుకుంటుందిలే" అన్నావట. ఇంట్లో చెప్పకుండా పారిపోయి వచ్చానేమోనని పాపం ఆమె భయపడింది. పక్కనున్న పిల్లలు నన్ను చూసి జాలిపడ్డారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్లనీళ్లు కూడా వచ్చాయి.

వాళ్లకేం తెలుసు? నాకు తెలుసు. చిన్నప్పుడు ఒక తోటాయన, "మందలో ఎన్నుండాయప్పా?" అని నిన్ను అడిగాడు. నీ వెనక గట్టు పొడవునా గొర్రెలే. నువ్వేమో, "ఏముండాయిలేప్పా, నాలుగు ముసిలివి" అన్నావు. నాకు లెక్క వచ్చని గొప్ప కదా, అసలు లెక్క చెప్పబోతే గబుక్కున నా నోరు మూశావు. నీ అరచేతికి పాల వాసన. తర్వాత తోవలో చెప్పావు, "మనకుండేదాన్ని పరాయోళ్ల ముందర ఎంచకూడదమ్మా. ఎంచితే తగ్గిపోతుంది" అని. మందను అట్లాగే దాచావు, పాడిని అట్లాగే దాచావు. ఇప్పుడు నన్నూ దాచావు. నీ నోట మొద్దు అనిపించుకున్నందుకు ఇంత సంతోషపడిన కూతురు ఇంకెక్కడా ఉండదు.

కానీ నాయనా, ఫోను అవతల ఉన్నవాళ్లకు ఈ పద్ధతి తెలియదు. నువ్వు లేదంటే లేదనే రాసుకుంటారు. "నువ్వు ఈడనే ఉండావని నా కండ్లకు కనబడతా ఉంది, వాళ్లకు కనబడాల కదా" అంది సరోజమ్మ. ఈ వారంలో మళ్లీ ఒకసారి చేస్తారట. అప్పుడూ అదే మాట చెబితే నా చోటు తీసి, కాచుకుని ఉన్న ఇంకో పిల్లకు ఇచ్చేస్తారు. మొన్న ఫోనులో నీకిది చెబితే, "పేరు తెలీనోడికి నా బిడ్డ యాడుండేదీ నేనెందుకు చెప్పాల?" అని పెట్టేశావు. అందుకే ఉత్తరం. దీన్ని పెట్టేయలేవు, అక్క చదువుతూనే ఉంటుంది.

దాచకుండా చెబుతున్నాను, చోటు పోతే పోనీ, బస్సెక్కితే మధ్యాహ్నం సంగటికి అందుకుంటాను కదా అని ఒక పూట అనిపించింది. సంచి కూడా తీశాను. కానీ అట్లా వస్తే మిషను పట్టిన ఈ చెయ్యి ఊరుకోదు. నేర్చుకుని, ఇక్కడే పనిలో చేరి, అప్పుడు వస్తాను. వచ్చి మంద వెనకాల ఒక రోజంతా తిరుగుతాను.

అమ్మకు, అక్కకు, మన వీధి పెద్దలకు నా దండాలు చెప్పండి. మీ దీవెన నా నెత్తిమీద ఉండనివ్వండి.

నాయనా, ఆ ఫోను వస్తుంది. ఆ ఒక్కసారికి మాత్రం నన్ను దాచకు. "నా కూతురు ఆడనే ఉంది, బాగా నేర్చుకుంటా ఉంది" అని గట్టిగా చెప్పు. దిష్టి తగిలితే తగలనీ. ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఉప్పు, మిరపకాయలు తిప్పి తీసేస్తుంది. అవి పొయ్యిలో చిటపటమంటుంటే నేను పక్కనే కూర్చుంటాను.

నీ మందలో ఒకతి,
మునిలక్ష్మి